లైనక్స్‌లో ఏ ఫైల్ మేనేజర్ వాడాలి? మా నాన్న స్టూడియోలో 212 పెళ్లి ఫొటోలు పోయాక నాకు దొరికిన సమాధానం

ఫైల్ మేనేజర్ గురించి కూడా ఒక ఆర్టికల్ అవసరమా అని మీరు అనుకోవచ్చు. ఆరు నెలల క్రితం నేనూ అలాగే అనుకునేవాడిని. ఫోల్డర్ తెరవాలి, కాపీ చేయాలి, పేస్ట్ చేయాలి, డిలీట్ చేయాలి. ఇందులో ఎంచుకోవడానికి ఏముంది? లైనక్స్‌తో పాటు ఏది వస్తే అది వాడేస్తాం, అంతే కదా!

ఒక ఆదివారం ఉదయం నాన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చేవరకు నా అభిప్రాయం అదే.

మా నాన్నకి చీరాలలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, అన్నీ. స్టూడియోలో ఉన్న కంప్యూటర్ 4వ జనరేషన్ కోర్ ఐ3, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ 8వ జనరేషన్ నుంచి ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలి. కొత్త పీసీ కొందామంటే సీజన్ అయ్యాక చూద్దాం అన్నాడు నాన్న. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి హీరో లెవెల్లో సెలవు పెట్టి వెళ్లి, దానిలో లైనక్స్ వేసేసి, "ఇక చూసుకో నాన్నా, రాకెట్‌లా ఉంటుంది" అని చెప్పి బస్సెక్కేశాను.

మూడు వారాల తర్వాత ఆ ఫోన్.

"ఏరా, నిన్నటి పెళ్లి ఫొటోల్లో చివరివి తెరుచుకోవట్లేదు. కొన్ని సగం బూడిద రంగులో వస్తున్నాయి. అప్పగింతలు మొత్తం లేవు."

"కార్డులో ఉన్నాయిగా నాన్నా?"

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "కాపీ అయిపోయింది అని చూపించిందిరా. అందుకే కార్డు ఫార్మాట్ చేసి పొద్దున బారసాలకి తీసుకొచ్చాను. ఇప్పటికి ఒక ముప్పై తీశాను" అన్నాడు.

నాకు ఆ క్షణం ఏం చెప్పాలో తెలియలేదు. "నాన్నా, ఆ కార్డు వెంటనే తీసెయ్. ఇంకో కార్డు పెట్టు. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు" అని మాత్రం చెప్పి మధ్యాహ్నం ట్రైన్ పట్టుకున్నాను.

అసలు ఏం జరిగింది?

మొత్తం 1,840 ఫొటోలు. చివరి 212 పాడయ్యాయి. నాన్న చేసిందేంటంటే, కార్డు నుంచి బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ పెట్టాడు. ప్రోగ్రెస్ బార్ నిండింది, విండో మూసుకుంది. వెంటనే డ్రైవ్ కేబుల్ పీకేశాడు. విండోస్‌లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది అదే, ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదో నాకు తర్వాత వెలిగింది. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి బయటి డ్రైవ్‌లకి 'క్విక్ రిమూవల్' అనే సెట్టింగ్ డిఫాల్ట్ అయింది. అంటే డ్రైవ్ మీదికి రాసేటప్పుడు విండోస్ డేటాని మెమరీలో ఆపి ఉంచదు. స్పీడ్ కొంచెం తగ్గినా, ఎజెక్ట్ చేయకుండా పీకినా సాధారణంగా ప్రమాదం ఉండదు.

లైనక్స్ లెక్క వేరు. మీరు కాపీ పెట్టగానే డేటా ముందు ర్యామ్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి కెర్నల్ తీరిగ్గా డ్రైవ్ మీదికి రాస్తుంది. ఇలా ఇంకా రాయని డేటా, అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా పేరుకోవచ్చు. కెర్నల్ డిఫాల్ట్ అది. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో అది ఒకటింపావు జీబీ వరకు వెళ్తుంది. ఒక్కో ఫొటో 6 ఎంబీ అనుకుంటే దాదాపు 210 ఫొటోలు. మావి పోయినవి 212. లెక్క అచ్చంగా సరిపోయింది!

ఆ డ్రైవ్ పెట్టింది యూఎస్‌బీ 2 పోర్టులో. సెకనుకి 30 ఎంబీ చొప్పున రాసినా మిగిలినదంతా డ్రైవ్ మీదికి చేరడానికి ఇంకో 40 సెకన్లు పట్టేది. ఆ 40 సెకన్లు నాన్న ఆగలేదు. ఆగాలని నేను చెప్పలేదు. కాబట్టి తప్పు ఆ ఫైల్ మేనేజర్‌ది కాదు, నాన్నది కూడా కాదు. మనిషి అలవాట్లు మార్చకుండా మెషీన్ మార్చేసిన నాది.

అదృష్టం ఏంటంటే, కెమెరాలో చేసే ఫార్మాట్ సాధారణంగా క్విక్ ఫార్మాట్. ఫైళ్ల జాబితా చెరిపేస్తుంది కానీ డేటా అలాగే ఉంటుంది. కొత్తగా తీసిన ముప్పై ఫొటోలు కార్డు మొదట్లో పడ్డాయి. అంటే పెళ్లిలో మొదట తీసిన ఫొటోల మీద. అవి ఎలాగూ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. ఫొటోరెక్ అనే ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రాత్రి రెండింటి వరకు కూర్చుంటే 212లో 209 వచ్చాయి. మూడు రాలేదు.

కానీ ఫొటోరెక్‌తో ఒక చిక్కుంది. అది ఫొటోలు తెస్తుంది కానీ పాత పేర్లు తేలేదు. ఏవో అంకెలతో వేల ఫైళ్లు, పాత ఫంక్షన్లవి కూడా కలిసిపోయి. వాటిని తీసిన టైమ్ ప్రకారం పేర్లు మార్చి వరసలో పెట్టాలి. ఆ రాత్రి మొదటిసారి ఫైల్ మేనేజర్ అంటే ఏంటో, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏంటో సీరియస్‌గా చూశాను. తర్వాత రెండు నెలలు ఒక్కోటీ వేసుకుని వాడాను. ఈ ఆర్టికల్ దాని ఫలితం.

ఇన్ని ఎందుకున్నాయి?

విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్, మ్యాక్‌లో ఫైండర్. లైనక్స్‌లో మాత్రం ఒక్కో డెస్క్‌టాప్‌కి ఒక్కోటి. దీని వెనక కథ కూడా సరదాగా ఉంటుంది.

1994లో మిగేల్ డి ఇకాజా అనే మెక్సికన్ కుర్రాడు మిడ్‌నైట్ కమాండర్ రాయడం మొదలుపెట్టాడు. టెర్మినల్‌లో నీలం రంగులో రెండు ప్యానెళ్లు పక్కపక్కన ఉంటాయి. డాస్ రోజుల నార్టన్ కమాండర్‌కి అది లైనక్స్ రూపం. తర్వాత గ్నోమ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టిందీ ఆయనే. గ్నోమ్ తొలి ఫైల్ మేనేజర్ కూడా మిడ్‌నైట్ కమాండర్ మీద కట్టిందే. 2001లో ఈజెల్ అనే కంపెనీ నాటిలస్ 1.0 తెచ్చింది. అసలు మెకింటాష్ టీమ్‌లో పనిచేసిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ఆ కంపెనీలో ఉన్నారు. అదే ఏడాది కంపెనీ మూతపడింది, నాటిలస్ మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. అదీ ఓపెన్ సోర్స్ అంటే!

కేడీఈ వైపు 2008లో కేడీఈ 4తో డాల్ఫిన్ డిఫాల్ట్ అయింది. అంతకుముందు కాంకరర్ ఉండేది. ఫైల్ మేనేజర్, బ్రౌజర్ రెండూ అదే. దాని బ్రౌజర్ ఇంజిన్ నుంచే వెబ్‌కిట్, వెబ్‌కిట్ నుంచే నేటి క్రోమ్‌లోని బ్లింక్ వచ్చాయి. మీరు ఇది క్రోమ్‌లో చదువుతుంటే, ఒక పాత లైనక్స్ ఫైల్ మేనేజర్ మనవడి మీద చదువుతున్నట్టే.

ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం.

నాటిలస్: అందంగా ఉంటుంది, కానీ...

ఉబుంటు, ఫెడోరా వేస్తే మీకు కనిపించేది ఇదే. మెనూలో పేరు 'ఫైల్స్' అని ఉంటుంది. చూడటానికి చాలా నీట్‌గా ఉంటుంది. బటన్లు తక్కువ, గందరగోళం తక్కువ. సెర్చ్ బాగుంటుంది, టైప్ చేయడం మొదలుపెడితే చాలు. 2016లో వచ్చిన 3.22 నుంచి ఒకేసారి చాలా ఫైళ్ల పేర్లు మార్చే సౌకర్యం కూడా ఉంది.

ఇబ్బంది ఏంటంటే, గ్నోమ్ వాళ్లు సింపుల్‌గా ఉంచాలని కొన్ని పనికొచ్చేవి తీసేస్తుంటారు. 2012లో 3.6 వెర్షన్‌లో, ఎఫ్3 నొక్కితే ఒకే విండోలో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపించే స్ప్లిట్ వ్యూ తీసేశారు. ఒక పక్క కార్డు, ఒక పక్క డ్రైవ్ పెట్టుకుని పనిచేసే మా నాన్న లాంటి వాళ్లకి అది ఉండాల్సిందే. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. రోజుకి ఇరవై సార్లు పెట్టుకుని చూడండి, అప్పుడు తెలుస్తుంది.

నీమో: మధ్యతరగతి మందహాసం

నాటిలస్‌లో ఆ ఫీచర్లు తీసేసినప్పుడు లైనక్స్ మింట్ వాళ్లు ఊరుకోలేదు. పాత నాటిలస్ కోడ్ తీసుకుని 2012లోనే నీమో మొదలుపెట్టారు. మింట్ సినమన్ ఎడిషన్‌లో ఇదే ఉంటుంది. ఎఫ్3 స్ప్లిట్ వ్యూ ఉంది, ఫోల్డర్ల చెట్టు ఉంది, రైట్ క్లిక్ మెనూలో మీకు కావలసిన యాక్షన్లు చేర్చుకోవచ్చు. విండోస్ నుంచి వచ్చేవాళ్లకి ఇది ఇంటికి వచ్చినట్టే అనిపిస్తుంది. పేర్లు మూకుమ్మడిగా మార్చడానికి మింట్ 20.2 నుంచి 'బల్కీ' అనే చిన్న యాప్ ఇస్తున్నారు. మామూలు పేర్లకి చాలు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, కాజా. మన తాపేశ్వరం కాజా కాదు. స్పానిష్‌లో 'పెట్టె' అని అర్థం, వాళ్లు పలికేది 'కాహా' అని. పాత గ్నోమ్ 2 నాటి నాటిలస్‌నే మేట్ డెస్క్‌టాప్ కోసం ఈ పేరుతో కొనసాగిస్తున్నారు. పాత పద్ధతి అలవాటైన వాళ్లకి బాగుంటుంది.

డాల్ఫిన్: బాహుబలి

నా సొంత ల్యాప్‌టాప్‌లో నేను వాడేది ఇదే, దాచను. ఎఫ్3 నొక్కితే స్ప్లిట్ వ్యూ. ఎఫ్4 నొక్కితే కింద టెర్మినల్, అదీ మీరున్న ఫోల్డర్‌లోనే. కంట్రోల్ ఐ నొక్కి ఏదైనా టైప్ చేస్తే ఆ ఫోల్డర్‌లో అది పేరులో ఉన్న ఫైళ్లు మాత్రమే మిగులుతాయి. అడ్రస్ బార్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ అడ్రస్ కొడితే ఆఫీస్ సర్వర్ కూడా మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. ఫైల్ ప్రాపర్టీస్‌లో చెక్‌సమ్ ట్యాబ్ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ సరైనదో కాదో టెర్మినల్ అవసరం లేకుండానే చూసుకోవచ్చు.

మరి నాన్నకి ఇదే ఎందుకు పెట్టలేదు? రెండు కారణాలు. ఒకటి, ఆప్షన్లు మరీ ఎక్కువ. పొరపాటున ఏదో ఒక ప్యానెల్ లాగేస్తే "స్క్రీన్ మారిపోయిందిరా" అని ఫోన్ వస్తుంది. రెండు, నాన్న మెషీన్‌లో ఎస్‌ఎస్‌డీ లేదు. కేడీఈ వాళ్ల ఇండెక్సింగ్ సర్వీస్ బాలూ మొదటిసారి లక్షల ఫైళ్లు చదివేటప్పుడు పాత హార్డ్ డిస్క్ గరగరా మూలుగుతుంది. దాన్ని ఆఫ్ చేసుకోవచ్చు, కానీ ఆ సంగతి తెలిసినవాడు పక్కన ఉండాలి.

థునార్: చిన్నోడే కానీ గట్టోడు

ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వస్తుంది. 2007లో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.4తో మొదలైంది. పాత మెషీన్‌లో కూడా క్లిక్ చేయగానే తెరుచుకుంటుంది. చాలా ఏళ్లు దీన్ని 'తేలికే కానీ ఏమీ లేదు' అని పక్కన పెట్టేవాళ్లు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.18తో కథ మారింది. ఎఫ్3 స్ప్లిట్ వ్యూ, లోపలి ఫోల్డర్లలో కూడా వెతికే సెర్చ్, అన్‌డూ, అన్నీ వచ్చేశాయి.

కానీ నన్ను పడేసింది దీని బల్క్ రీనేమ్. చాలా ఫైళ్లు సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కితే ఒక విండో వస్తుంది. అందులో పేరుకి తేదీ, టైమ్ చేర్చే ఆప్షన్‌లో 'ఫొటో తీసిన తేదీ' అని ఉంటుంది. ఫైల్ ఎప్పుడు కాపీ అయిందో కాదు, కెమెరా ఫొటో లోపల రాసిన అసలు టైమ్. ఆ రాత్రి ఫొటోరెక్ ఇచ్చిన వేల ఫైళ్లని సెలెక్ట్ చేసి ఇది కొట్టగానే, అన్నీ తీసిన టైమ్ ప్రకారం వరసలో నిలబడ్డాయి. పాత ఫంక్షన్ల ఫొటోలు ఒక పక్క, ఆ పెళ్లివి ఒక పక్క. పాత అంకెల పేర్ల నుంచి మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు విడిగా బయటికి వచ్చాయి. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య" అన్నాడు. ఆ ఒక్క మాటకి థునార్ గెలిచేసింది.

మిగతావి క్విక్‌గా

పీసీమ్యాన్ఎఫ్ఎం: 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉందా? అయితే ఇది. తైవాన్ డెవలపర్ మొదలుపెట్టిన చాలా తేలికైన ఫైల్ మేనేజర్. ఎల్‌ఎక్స్‌క్యూటీలో దీని క్యూటీ వెర్షన్ ఉంటుంది.

డబుల్ కమాండర్: టోటల్ కమాండర్ అలవాటైనవాళ్లు కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ ఒకేలా పనిచేస్తుంది. కేడీఈ వాడేవాళ్లకి ఇదే తరహాలో క్రూసేడర్ ఉంది.

టెర్మినల్ బ్యాచ్: మిడ్‌నైట్ కమాండర్ ఇప్పటికీ సర్వర్ల మీద నాకు దిక్కు. విమ్ కీలు వచ్చినవాళ్లకి రేంజర్ ఉంది, అది పైథాన్‌లో రాసింది. రస్ట్‌లో రాసిన యాజి ఇప్పుడు కుర్రాళ్లలో ట్రెండింగ్. స్పీడ్ నిజంగానే అదిరిపోతుంది. కానీ ఒక హెచ్చరిక: చాలా టెర్మినళ్లలో తెలుగు ఒత్తులు సరిగ్గా కుదరవు. ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే కళ్లు నొప్పి పుడతాయి.

తెలుగు పేర్లతో ఒక దాగిన సమస్య

ఇది ఏ రివ్యూలోనూ నాకు కనపడలేదు, మనకి మాత్రం రోజూ తగిలేదే. మా నాన్న ఫోల్డర్లకి తెలుగులోనే పేర్లు పెడతాడు. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, కళ్యాణమండపం, ముహూర్తం, ఊరు, శుభలేఖలో ఉన్నదంతా! పాత డిస్క్ నుంచి లైనక్స్ పార్టిషన్‌కి కాపీ చేస్తుంటే కొన్ని ఫోల్డర్ల దగ్గర 'పేరు మరీ పొడవుగా ఉంది' అనే ఎర్రర్‌తో ఆగిపోయింది. విండోస్‌లో అదే పేరు ఏళ్లుగా ఉంది కదా?

సంగతేంటంటే, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి 255 యూనిట్లు. తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కి ఒక యూనిట్ సరిపోతుంది. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ 3 బైట్లు తింటుంది. పైగా గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి కోడ్ పాయింట్లే. 'కళ్యాణమండపం' కంటికి 6 అక్షరాలు. కంప్యూటర్‌కి 11 కోడ్ పాయింట్లు, అంటే 33 బైట్లు. మొత్తం పేరులో 85 కోడ్ పాయింట్లు దాటితే ఈఎక్స్‌టీ4 ఒప్పుకోదు.

ఏ ఫైల్ మేనేజర్ వాడినా ఈ పరిమితి ఉంటుంది, అది ఫైల్ సిస్టమ్‌ది. కానీ ఎర్రర్ వచ్చినప్పుడు ఫైల్ మేనేజర్‌లో 'స్కిప్' నొక్కేసి మర్చిపోతే ఆ ఫోల్డర్ మొత్తం వెనకే ఉండిపోతుంది. కాబట్టి పాత డిస్క్ నుంచి మారేటప్పుడు, కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య ఒకటేనా కాదా చూడండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే తెలిసిపోతుంది.

ఏది వాడినా ఈ ఐదూ పాటించండి

ఒకటి, ఎజెక్ట్ చేయకుండా ఏదీ పీకొద్దు. పక్క ప్యానెల్‌లో డ్రైవ్ పేరు పక్కన ఉండే ఎజెక్ట్ గుర్తు నొక్కి, 'ఇప్పుడు తీయవచ్చు' అనేదాకా ఆగండి. ఆ ఆలస్యంలోనే మీ ఫొటోలు నిజంగా డ్రైవ్ మీదికి వెళ్తున్నాయి.

రెండు, ముఖ్యమైనవి కాపీ చేస్తే ఎజెక్ట్ చేసి, మళ్లీ పెట్టి, చివరి ఫైళ్లు తెరిచి చూడండి. తీయకుండానే చూస్తే మీకు కనిపించేది ర్యామ్‌లో ఉన్న కాపీ అయ్యుండొచ్చు. చివరివే ఎందుకంటే, పోతే ముందు పోయేవి అవే. థునార్ ఇటీవలి వెర్షన్లలో కాపీ అయ్యాక చెక్‌సమ్ సరిచూసే ఆప్షన్ కూడా ఉంది. అది ఆన్ చేసుకోండి, కానీ ఎజెక్ట్ మాత్రం మానకండి.

మూడు, పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేస్తే అది పోయినట్టు కాదు. లైనక్స్ ఫైల్ మేనేజర్లు పెన్‌డ్రైవ్ లోపలే ఒక దాగిన ట్రాష్ ఫోల్డర్ పెట్టి అందులోకి నెడతాయి. స్పేస్ ఖాళీ అవ్వకపోవడం సరే, అసలు ప్రమాదం ఇంకోటి. స్టూడియోలో ఒకరి ఫొటోలు డిలీట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఇంకొకరి ఫొటోలు వేసి ఇస్తే, వాళ్ల ఇంట్లో వీళ్ల ఫొటోలు కూడా ఉంటాయి! కంట్రోల్ హెచ్ నొక్కితే దాగిన ఫైళ్లు కనిపిస్తాయి, డాల్ఫిన్‌లో కూడా. డ్రైవ్ పెట్టి ఉండగానే ట్రాష్ ఖాళీ చేసి, తర్వాత ఎజెక్ట్ చేయండి.

నాలుగు, పెద్ద వీడియోలు ఇచ్చే పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ సపోర్ట్ 2020 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే పక్కాగా ఉంది, వేరే ఏమీ వేయక్కర్లేదు. టీవీకి పెట్టేదైతే మాత్రం ఆ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో ముందు చూసుకోండి.

ఐదు, పర్మిషన్ లేదంది కదా అని ఫైల్ మేనేజర్‌ని సూడోతో తెరవొద్దు. మీ హోమ్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదకి మారిపోయి, తర్వాత మీ యాప్‌లే తెరుచుకోవు. నేను బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఇలాగే చేసి ఒక పూట మొత్తం డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అవ్వలేకపోయాను.

మార్చే ముందు ఇది తెలుసుకోండి

ఏ డెస్క్‌టాప్‌లో అయినా ఏ ఫైల్ మేనేజర్ అయినా వేసుకోవచ్చు. గ్నోమ్‌లో డాల్ఫిన్ వేయొచ్చు, దానితో పాటు కేడీఈ లైబ్రరీలు కొన్ని దిగుతాయి, అంతే. కానీ చాలామంది ఒక చోట నిరాశపడతారు. బ్రౌజర్‌లో 'సేవ్ యాజ్' నొక్కితే పాత విండోనే వస్తుంది. ఎందుకంటే అది మీరు కొత్తగా వేసుకున్న ఫైల్ మేనేజర్ ఇచ్చేది కాదు. డెస్క్‌టాప్ టూల్‌కిట్ గానీ పోర్టల్ గానీ ఇచ్చే డైలాగ్ అది. ఫైల్ మేనేజర్ మార్చినంత మాత్రాన అది మారదు.

మరి ఎవరికి ఏది?

విండోస్ నుంచి కొత్తగా వస్తున్నారా, మెషీన్ ఓ మాదిరిగా ఉందా? నీమో. ఆలోచించకండి.

కోడింగ్, సర్వర్లు, సెట్టింగులతో ఆడుకోవడం ఇష్టమా? డాల్ఫిన్. ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇంకా మంచిది.

నీట్‌గా ఉండాలి, ఎక్కువ ఫైళ్ల పని లేదా? ఉబుంటుతో వచ్చిన నాటిలస్‌నే ఉంచుకోండి, మార్చాల్సిన పనే లేదు.

పాత మెషీన్, కానీ ఫొటోలు, ఫైళ్ల పని ఎక్కువా? థునార్.

అస్సలు సత్తువ లేని ల్యాప్‌టాప్? పీసీమ్యాన్ఎఫ్ఎం.

కానీ ఈ జాబితా కన్నా ముఖ్యమైనది ఒకటి నేర్చుకున్నాను. మనం రివ్యూల్లో స్పీడ్, ఫీచర్లు, థీమ్‌లు పోలుస్తాం. ఇంట్లోవాళ్లకి పెట్టేటప్పుడు మాత్రం అడగాల్సింది 'ఇందులో ఎన్ని ఫీచర్లున్నాయి' అని కాదు, 'వాళ్లు పొరపాటు చేస్తే ఏమవుతుంది' అని. వాళ్ల పక్కన కూర్చుని ఒక రోజంతా వాళ్లు ఎలా పనిచేస్తారో చూడకుండా ఏ సాఫ్ట్‌వేర్ మార్చొద్దు. నేను బస్సు టైమ్ చూసుకున్నాను కానీ నాన్న చెయ్యి ఎటు వెళ్తుందో చూడలేదు.

ఇప్పుడు స్టూడియోలో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, అందులో థునార్. కస్టమ్ యాక్షన్స్ అనే సౌకర్యంతో రైట్ క్లిక్ మెనూలో తెలుగులో ఒక లైన్ చేర్చాను: 'పెళ్లి భద్రం చెయ్'. అది నొక్కితే ఆర్‌సింక్ కమాండ్‌తో ఆ ఫోల్డర్ రెండో డ్రైవ్‌కి కూడా కాపీ అయి, చివర్లో సింక్ కమాండ్ నడిచి, అంతా డ్రైవ్ మీదికి చేరాకే 'అయిపోయింది' అని స్క్రీన్ మీద చూపిస్తుంది. నాలుగు లైన్ల స్క్రిప్ట్, అంతకన్నా ఏమీ లేదు. రూల్ కూడా ఒకటి పెట్టుకున్నాం: రెండు చోట్ల ఉండి, తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు.

రాని ఆ మూడు ఫొటోల సంగతి నాన్న పెళ్లివాళ్లకి తనే వెళ్లి చెప్పాడు. అప్పగింతల్లో పెళ్లికూతురి నాన్న పక్కకి తిరిగి కళ్లు తుడుచుకునే ఫొటో అందులో ఒకటట. "వీడియోలో ఉందిలే మాస్టారూ" అని వాళ్లే సర్దిచెప్పారు. వీడియో నుంచి ఆ ఫ్రేమ్ తీసి ఆల్బమ్‌లో పెట్టాడు నాన్న. క్వాలిటీ అంతంత మాత్రమే.

పోయిన వారం ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. డ్రైవ్ తీసే ముందు ఎజెక్ట్ నొక్కి, మెసేజ్ వచ్చాక కూడా మనసులో ఏదో లెక్కపెడుతున్నాడు.

"ఏంటి నాన్నా?"

"నలభై. నువ్వే చెప్పావుగా, నలభై సెకన్లని."

ఎజెక్ట్ అయ్యాక లెక్క అవసరం లేదని చెప్పబోయి ఆగిపోయాను. లెక్కపెట్టనీ, పోయేదేముంది!